ఆయిల్ బండి కొండెక్కే వేళ

*వందే భారత్ వెళ్లిపోయినా కెమెరాలు కదల్లేదు. కుప్పం దిగువన మల్లానూరు ఒంపులో కొందరి ఎదురుచూపంతా పెట్రోలు ట్యాంకర్ల గూడ్సు కోసమే!*

మార్గశిర మాసం. సాయంత్రం నాలుగు దాటింది. మల్లానూరు ఒంపుకు ఎగువన, పట్టాలకు బాగా దూరంగా ఒక బండ మీద నలుగురు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు. మెడల్లో కెమెరాలు, పక్కన నీళ్ల సీసాలు, సగం తిన్న చెనిక్కాయల పొట్లం. మైసూరు నుంచి చెన్నైకి దిగే వందే భారత్ ఇందాకే తెల్లగా మెరిసి మాయమైంది. ఒక్కరూ కెమెరా ఎత్తలేదు. మేకలు తోలుకొచ్చిన పెద్దాయనకు ఆ సంగతే అంతుబట్టలేదు.

‘ఏమప్పా, మంచి బండి పోయిందే! ఇంకా దేనికి కాచుకోనుండారు?’

‘ఆయిల్ బండి వస్తాదంట తాతా.’

‘ఆ డబ్బాల బండికా!’ అని నవ్వుకుంటూ ఆయన మేకల వెంట పడ్డాడు.

ఇంకో పావుగంటకు లోయలోంచి మోత మొదలైంది. ఎక్స్‌ప్రెస్ చప్పుడు వినపడేలోపే దాటిపోతుంది. ఇది అలా కాదు. దిగువ నుంచి బరువుగా పైకి పాకుతూ వచ్చింది. ముందు ఇంజను ముక్కు కనబడింది. వెనక ఒక ఖాళీ వ్యాగను. దాని వెనక ట్యాంకులే ట్యాంకులు. పడమటి ఎండ ఒక్కో పీపా భుజం మీద ఒక్కో పొడవాటి వెలుగుగీత గీసింది. బండి ఒంపు తిరిగేసరికి ఆ గీతలన్నీ వరస కలిసి వంగాయి. ‘ఇప్పుడు!’ అన్నారెవరో. నాలుగు షట్టర్లు ఒకేసారి టకటకలాడాయి.

పొగ చూశాకే తెలిసింది

ట్యాంకర్ గూడ్సును మామూలుగా ఎవరూ పట్టించుకోరు. లెవెల్ క్రాసింగ్ గేటు దగ్గర ఆగినవాళ్లు దాన్ని తిట్టుకుంటారు, అంతే. 2025 జూలై 13 తెల్లవారుజామున మాత్రం దేశమంతా దానివైపు చూసింది. చెన్నై పక్కన తిరువళ్లూరు దగ్గర డీజిల్ మోసుకెళ్తున్న గూడ్సు పట్టాలు తప్పి మంటలంటుకుంది. పద్దెనిమిది వ్యాగన్లు కాలిపోయాయి. కమ్ముకున్న నల్లటి పొగ వీడియోలు పొద్దెక్కేలోపే అందరి ఫోన్లలోకీ వచ్చేశాయి. ప్రాణనష్టం జరగలేదు. చెన్నై–బెంగళూరు మార్గంలో పలు రైళ్లు ఆ రోజు రద్దయ్యాయి. పొద్దున బృందావన్ అందుకోవాల్సిన కుప్పం ప్రయాణికులకు తమ ఊరి పట్టాల మీద రోజూ ఏమేం వెళ్తోందో ఆ రోజు తెలిసొచ్చింది.

అలాంటి బండిని అందంగా ఫొటో తీయాలని బండరాళ్ల మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్లు ఉన్నారంటే కొందరికి విడ్డూరంగా ఉంటుంది. వాళ్లకీ ఓ లెక్క ఉంది. వందే భారత్ ఫొటో ఇప్పటికే కోటి ఫోన్లలో ఉంది. ట్యాంకర్ల బండి ఫొటో ఎన్నింట్లో ఉంటుంది?

1864 నాటి దారి

కుప్పం మీదుగా వెళ్లే ఈ మార్గం మద్రాసు రైల్వే కంపెనీ వేసింది. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా నడిచింది. ఎనిమిదేళ్లు గడిచాక, 1864లో, జోలార్‌పేట నుంచి బెంగళూరు కంటోన్మెంటు దాకా పట్టాలు పూర్తయ్యాయి. తమిళనాడు మైదానం నుంచి మైసూరు పీఠభూమి మీదికి ఎక్కాలంటే దారి ఎక్కడో ఒకచోట కొండను పట్టుకోవాలి. అది పట్టుకున్న చోటు పచ్చూరు, మల్లానూరు, కుప్పం.

జోలార్‌పేట సముద్రమట్టానికి సుమారు 400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న కుప్పం సుమారు 680 మీటర్ల ఎత్తులో ఉంటుంది. బంగారుపేట చేరేసరికి 800 దాటుతుంది. కాగితం మీద ఇదేమంత గొప్ప ఎక్కుడు కాదు. గోవా దారిలో క్యాసిల్‌రాక్–కులెం మధ్య ప్రతి 37 మీటర్లకూ ఒక మీటరు లేస్తుంది. అక్కడ వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజన్లు లేనిదే గూడ్సు కదలదు. మన అరకు దారిలో వాలు 60కి ఒకటి. కానీ అరకులో సరుకు బండ్లు బైలడిల్లా ఇనుప ఖనిజం నింపుకుని ఘాట్ దిగి విశాఖకు వస్తాయి, ఖాళీగా ఎక్కుతాయి. అక్కడి డ్రైవరు దిగులంతా బ్రేకు మీదే.

కుప్పం దగ్గర కథ తిరగబడుతుంది. చెన్నై వైపు నుంచి బెంగళూరు వైపు వెళ్లే నూనె బండి నిండుగా ఉండి కొండెక్కుతుంది. దిగేది ఖాళీ బండి. నిండు ట్యాంకర్ల రేకు, అంటే వ్యాగన్ల వరస మొత్తం, నాలుగు వేల టన్నులుంటుంది. వందకు ఒకటి వాలు మీద అంత బరువు వెనక్కి జారకుండా ఉండాలంటేనే నలభై టన్నుల బరువును నిట్టనిలువుగా ఎత్తి పట్టుకున్నంత బలం కావాలి. ముందుకు కదలాలంటే ఆపైన మరికొంత. వాన తుంపరకు పట్టాలు తడిస్తే చక్రాలు జారతాయి. అప్పుడు ఇంజనులోంచే చక్రాల ముందు ఇసుక రాలుస్తారు. లోకో పైలట్‌కు ఒళ్లంతా కళ్లయ్యే ఈ పది పదిహేను కిలోమీటర్లే ఫొటోగ్రాఫరుకు కలిసొచ్చే చోటు. బండి నింపాదిగా వస్తుంది. మలుపుల్లో తన పొడవంతా చూపిస్తుంది. వెనక కొండ ఉంటుంది.

దిగేటప్పుడు ఖాళీ రేకు చప్పుడే వేరు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి తగిలినట్టు మోగుతూ పోతుంది. కళ్లు మూసుకున్నా ఎక్కేదేదో దిగేదేదో చెప్పగలమని ఇక్కడికి తరచూ వచ్చేవాళ్లు అంటారు. అందులో గొప్పేమీ లేదు, ఎవరైనా చెప్పగలరు.

[బాక్సు] ట్యాంకు మీద ఏముంటుంది?

*పెట్రోలు, డీజిలు, కిరోసిన్ మోసే నేటి వ్యాగన్లలో ఎక్కువగా కనబడేది బీటీపీఎన్ రకం. ఒక్కోదానిలో సుమారు 70 కిలోలీటర్లు పడుతుంది. బరువు నిండినప్పుడు సుమారు 81 టన్నులు, ఖాళీగా సుమారు 27 టన్నులు. కప్లింగు నుంచి కప్లింగు దాకా పొడవు పన్నెండున్నర మీటర్లు. యాభై కలిస్తే అర కిలోమీటరు దాటి ఉంటుంది. వంటగ్యాసు వ్యాగన్లు వేరు, వాటి పీపాలు తెల్లగా ఉంటాయి.*

*ప్రమాదకర సరుకులకు ప్రపంచమంతటా ఒకే అంకెల గుర్తులున్నాయి. పెట్రోలుకు 1203, డీజిలుకు 1202, కిరోసిన్‌కు 1223, వంటగ్యాసుకు 1075. ఇంజనుకూ పెట్రోలు ట్యాంకులకూ మధ్య కనబడే ఖాళీ వ్యాగను రక్షణ కోసం పెట్టినది. మన రైళ్లలో ప్రమాదకర సరుకుల రవాణాకు ‘రెడ్ టారిఫ్’ అనే నిబంధనల పుస్తకం ఉంది.*

టైంటేబుల్ లేని బండి

శతాబ్దిని ఫొటో తీయడానికి గడియారం చాలు. గూడ్సుకు అది పనికిరాదు. ప్రయాణికుల రైలు ఎక్కడుందో ఫోను చెబుతుంది, ట్యాంకర్ల బండి గురించి చెప్పదు. జోలార్‌పేటలో ఎంతసేపు ఆపారో, వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి ఏ స్టేషన్ లూప్‌లైనులో పక్కకు పెట్టారో బయటివాళ్లకు తెలిసే దారి లేదు. అందుకే ఈ వేట తెలిసినవాళ్లు సిగ్నల్ చూస్తారు. ఎక్స్‌ప్రెస్ దాటి చాలాసేపయ్యాక మళ్లీ పచ్చ పడిందంటే ఏదో వస్తోందన్నమాట. కంటెయినర్ల బండి కావచ్చు, బొగ్గుది కావచ్చు. పొద్దంతా కూర్చుంటే సిమెంటు బండ్లు తప్ప మరేమీ రాని రోజులూ ఉంటాయి.

వెలుతురు లెక్క ఇంకొకటి. జోలార్‌పేట నుంచి కుప్పం వైపు పట్టాలు మొత్తం మీద వాయవ్యానికి సాగుతాయి. పొద్దున ఎక్కే బండికి ఎండ వెనక నుంచి పడుతుంది, ఇంజను ముక్కు నల్లగా మిగిలిపోతుంది. మధ్యాహ్నం తిరిగాక అదే ముక్కు వెలుగుతుంది. మార్గశిర, పుష్య మాసాల్లో సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కనుక పట్టాలకు నైరుతి పక్కన నిలబడినవాడికి బండి ఒళ్లంతా తెలుస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పుడే వెనకబడి ఉంటాయి. బండరాళ్ల సందుల్లో పచ్చదనం మిగిలే ఉంటుంది, గాలిలో దుమ్ము తక్కువ. వేసవిలో అదే చోట ఆకాశం తెల్లబారి, రాయీ రైలూ ఒకే రంగులో కలిసిపోతాయి.

బొగ్గు వ్యాగను గోడ చదునుగా ఉంటుంది. దాని మీద పడ్డ ఎండ అక్కడే ఆగిపోతుంది. ట్యాంకు గుండ్రన కాబట్టి పైభాగంలో వెలుగు, కింద నీడ, మధ్యలో వంద రకాల బూడిద రంగులు కనిపిస్తాయి. పొడవాటి టెలిఫోటో లెన్సుతో చూస్తే పీపాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు దగ్గరవుతాయి. ఇంకా దగ్గరగా చూడండి. ట్యాంకు నెత్తిన మూత, దాని చుట్టూ నిలబడడానికి సన్నటి ఇనుప అరుగు, పక్కన నిచ్చెన. నింపేటప్పుడు ఒలికిన నూనె మూత దగ్గర్నుంచి పొట్ట మీదికి చారలుగా జారి, ఆ జిడ్డుకు దారి పొడవునా దుమ్ము అంటుకుని గట్టిపడింది. ఈ మరకల కోసమే ఫొటో తీసేవాళ్లున్నారు. కడిగి రంగు వేసిన కొత్త ట్యాంకు వస్తే వాళ్లు నిట్టూరుస్తారు!

అడ్డంకి మాత్రం ఒకటుంది. 1990ల్లో ఈ దారికి కరెంటు వచ్చింది. అప్పటి నుంచీ స్తంభాలు, తీగలు చూపుకు అడ్డం. ఏ స్తంభం ఇంజను ముఖానికి అడ్డొస్తుందో ముందే చూసుకుని నిలబడాలి. డీజిల్ ఇంజన్ల మోత విని పెరిగినవాళ్లకు ఇంకో బెంగ కూడా ఉంది. కృష్ణరాజపురం డీజిల్ షెడ్డు దగ్గర్లోనే ఉండడంతో, తీగలు వచ్చాక కూడా డీజిల్ ఇంజన్లు ఈ కొండ మీద కనబడుతూనే వచ్చాయి. ఇప్పుడు దేశంలో బ్రాడ్‌గేజి మార్గాలు దాదాపు అన్నింటికీ కరెంటు వచ్చేసింది. డీజిల్ నింపిన యాభై ట్యాంకులను లాగే ఇంజను తాను మాత్రం చుక్క డీజిల్ ముట్టదు. ఆ చమత్కారమే ఇప్పుడు ఫొటో. చిత్రమేమిటంటే, నూనె డిపోల్లో సరుకు నింపే చోట, దించే చోట నిప్పురవ్వ భయానికి సాధారణంగా తీగలు ఉండవు. ఆ చివరి అడుగులకు మళ్లీ డీజిల్ ఇంజనే రావాలి.

మదనపల్లెకు దూరం, పుంగనూరుకు అసలే లేదు

మదనపల్లె కుర్రాడికి రైలు కావాలంటే ముందు బస్సెక్కాలి. మదనపల్లె రోడ్డు స్టేషన్ ఊరికి దూరంగా సీటీఎం అనే పల్లె దగ్గర ఉంది. అది ధర్మవరం–పాకాల మార్గం. ఒంటి పట్టాల దారి, చుట్టూ బండలు తేలిన గుట్టలు, కురబలకోట వైపు వెళ్తే హార్స్‌లీ కొండల నీడ. మీటర్ గేజి రోజుల్లో వైపీ, వైజీ ఆవిరి ఇంజన్లు తిరిగిన చోట్లు ఇవి. అప్పటి ఫొటోలు ఏ ఇంటి అటక మీదైనా దొరికితే బంగారమే. దొరకడం లేదు. ఆ కాలంలో కెమెరా పెళ్లికీ తిరుపతికీ తీసేవారు కానీ గూడ్సు బండికి తీసేవారు కాదు. ప్రకృతి అందంలో ఈ దారి మల్లానూరుకు ఏమాత్రం తీసిపోదు. తిరిగే బండ్లే తక్కువ.

పుంగనూరుకు ఆ భాగ్యమూ లేదు. పొట్టి ఆవులతో దేశమంతా పేరు మోసిన ఊరికి రైలు పట్టా లేదు. అక్కడి రైలు పిచ్చోడు పలమనేరు, వి.కోట మీదుగా బైకు మీద కుప్పం రావాల్సిందే. దారిలో అతన్ని దాటుకుంటూ పెట్రోలు లారీలు పోతుంటాయి. పట్టాలు లేని ఊళ్లకు నూనె చేరే పద్ధతి అదే. ఒక లారీ ట్యాంకరులో పట్టేది పన్నెండు నుంచి ఇరవై నాలుగు కిలోలీటర్లనుకుంటే, ఒక్క రైలు రేకును ఖాళీ చేయడానికి నూట యాభై నుంచి మూడు వందల లారీలు కావాలి. ఆ లారీలన్నీ పలమనేరు రోడ్డెక్కితే ఎలా ఉంటుందో తలుచుకుంటే ఈ గూడ్సు మీద గౌరవం పెరుగుతుంది.

అమెరికాలో ‘ఆయిల్ క్యాన్స్’

ఈ పిచ్చి మనవాళ్లకే సొంతం కాదు. కాలిఫోర్నియాలోని టెహచపి కొండ మీద సదరన్ పసిఫిక్ రైల్వే 1876లో ఒక చుట్టు దారి వేసింది. కిలోమీటరుకు పైగా పొడవున్న ఆ చుట్టులో, అంతకంటే పొడవైన గూడ్సు వస్తే ఇంజను తన వెనక వ్యాగన్ల మీదుగానే దాటుతుంది. 1980, 90 దశకాల్లో బేకర్స్‌ఫీల్డ్ నుంచి లాస్‌ఏంజెలెస్ వైపు ముడిచమురు ట్యాంకులు ఈ కొండెక్కేవి. రైలు అభిమానులు ముద్దుగా ‘ఆయిల్ క్యాన్స్’ అని పిలిచేవారు. ట్యాంకులను గొట్టాలతో ఒకదానికొకటి కలిపి, ఒక చివర నుంచే వరస మొత్తం నింపే ఏర్పాటు వాటికి ఉండేది. నల్లటి పీపాలు, ఎండిన పసుపు గడ్డి కొండలు, ముందూ మధ్యా ఇంజన్లు. ఆ బొమ్మ కోసం అమెరికా నలుమూలల నుంచీ జనం వచ్చేవారు.

మన దేశపు రైలు అభిమానుల కూటమి కూడా అమెరికాలోనే పుట్టింది. 1989లో అక్కడి భారతీయులు కొందరు కలిసి ఇండియన్ రైల్వేస్ ఫ్యాన్ క్లబ్ మొదలుపెట్టారు. ఊరికి దూరమైనవాళ్లు ఊరి ఇంజను పేరు చెప్పుకుని సంబరపడేవారు.

కొండా నూనే కలిసిన చోట చీకటి కథ కూడా ఉంది. కెనడాలో 2013 జూలై 6 అర్ధరాత్రి దాటాక, వాలు మీద నిలిపి ఉంచిన 72 చమురు ట్యాంకుల బండి తనంతట తానే కదిలింది. అంతకుముందే ఇంజనుకు చిన్న మంట అంటుకుంటే ఆర్పి, ఇంజను ఆపేశారు. దాంతో గాలి బ్రేకుల పట్టు మెల్లగా సడలింది. చేతి బ్రేకులు సరిపడా వేయలేదు. పదకొండు కిలోమీటర్లు జారి లాక్–మెగాంటిక్ ఊరి నడిబొడ్డున బోల్తా పడింది. 47 మంది చనిపోయారు. మల్లానూరు వాలు మీద ట్యాంకర్ల బండి ఆగి మళ్లీ బయల్దేరినప్పుడల్లా లోకో పైలట్, వెనక బ్రేకువ్యానులోని ట్రైన్ మేనేజరు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకోవాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

[బాక్సు] తీగకు తగలకపోయినా

*పై తీగల్లో ఉండేది 25,000 వోల్టులు. ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకు వెళ్తే చాలు, కరెంటు గాలిలోంచే దూకుతుంది. ఆగి ఉన్న ట్యాంకరు ఎక్కి సెల్ఫీ దిగబోయి కుర్రాళ్లు కాలిపోయిన వార్తలు దేశంలో ఏటా వస్తూనే ఉన్నాయి. ట్యాంకుకు నిచ్చెన ఉంది కదా అని ఎక్కేస్తారు. ఆ నిచ్చెన డిపోలో పనిచేసేవారికి.*

*అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.*

రీలుకూ ఫొటోకూ మధ్య

పట్టాల పక్కన ఫోను చాచి, హారన్ మోగుతుంటే వెనక్కి గంతేసే రీళ్లు రోజూ చూస్తున్నాం. నిజంగా రైలు తెలిసినవాళ్లకు వాటిని చూస్తే ఒళ్లు మంట. బండి దగ్గరకు వెళ్లేకొద్దీ ఫొటో పాడవుతుందన్నది వాళ్ల అనుభవం. అర కిలోమీటరు బండి కెమెరాలో పట్టాలంటే అర కిలోమీటరు దూరం, కాస్త ఎత్తు కావాలి. మల్లానూరులో అవి రెండూ ఉచితం. ప్రాణం పణంగా పెట్టి తీసిన రీలులో కనబడేది ఇంజను బంపరూ, తీసినవాడి మోచేయీ!

ఈ బండ్లు ఎన్నాళ్లు ఇలా కొండెక్కుతాయన్నదీ ప్రశ్నే. మంగళూరు నుంచి హాసన్ మీదుగా బెంగళూరుకు పెట్రోలు, డీజిలు మోసే గొట్టపు మార్గం 2003లో వచ్చింది. సుమారు 360 కిలోమీటర్లు పాకి బెంగళూరు శివారు దేవనగొందికి చేరుతుంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాదుకూ అలాంటి గొట్టమే ఉంది. గొట్టం ఖర్చు తక్కువ, ప్రమాదం తక్కువ, ఎవరికీ కనబడదు. కంపెనీల లెక్కలో అదే మేలు, ఊళ్ల భద్రత కోణంలోనూ అదే మేలు. ఫొటోలు తీసేవాళ్లు కూడా దీన్ని కాదనరు. గొట్టాన్ని ఫొటో తీయలేమన్నదొక్కటే వాళ్ల ఫిర్యాదు. కట్టెల బండ్లు, నాలుగు చక్రాల పాత ట్యాంకులు, మీటర్ గేజి గూడ్సులు బొమ్మ కూడా మిగలకుండా పోయాయి కనుక, ఇదైనా ఉండగానే తీసిపెట్టుకోవాలన్న తొందర వాళ్లది.

వెళ్లాలనుకునేవాళ్లకు: కుప్పం దాకా రైలు, అక్కడి నుంచి మల్లానూరుకు ప్యాసింజరు గానీ ఆటో గానీ. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు మేలు. గుట్టల మీద నీడ తక్కువ, దుకాణం ఉండదు, నీళ్లు మోసుకెళ్లాలి. స్టేషన్ ఆవరణలో తీయాలంటే స్టేషన్ మాస్టరును అడగాలి, వ్యాపారానికైతే రైల్వే అనుమతి తప్పనిసరి. పుంగనూరు, మదనపల్లె వైపు నుంచి బైకుల మీద వచ్చేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పలమనేరు, కుప్పం ప్రాంతాల అడవి కౌండిన్య అభయారణ్యం. ఏనుగుల గుంపులు సాయంత్రం పొలాల్లోకి దిగుతాయి, రోడ్లూ దాటుతాయి. ఆయిల్ బండి ఆలస్యమైనా సరే, చీకటి పడకముందే వి.కోట దాటేయాలి.